కింది చెరువు దగ్గరి పొరుగువాడు



యేసు ప్రభువు తన మొదటి శిష్యులను నీటి ఒడ్డున పిలిచాడని మనందరికీ తెలుసు. సీమోను, అంద్రెయ, యాకోబు, యోహాను నలుగురూ వలలు వేసి బ్రతికినవారు. ఆ వాక్యభాగం వచ్చినప్పుడల్లా మనం ఆత్మల సంపాదన అనే సంగతికి త్వరగా వెళ్లిపోతాం. అది గొప్ప సంగతే. అయితే ఈ వారం ఆ ఒడ్డునే కాసేపు నిలబడి ధ్యానించాలని మేము ఆశపడుతున్నాం. ఆ నీళ్లు, ఆ చేపలు, ఆ వలలు, వాటి మీద ఆధారపడిన ఇళ్లు, వీటిని కూడా దేవుడు చూశాడు కదా.

ఇందుకు ఒక కారణం ఉంది. మన కౌకూర్ చుట్టుపక్కల చెరువుల మీద బ్రతికే కుటుంబాలున్నాయి. ముదిరాజులు, గంగపుత్రులు తాతల కాలం నుండి ఈ పని చేస్తున్నారు. వారిలో కొందరు మన ప్రార్థనకు వస్తారు, కొందరు రారు. వచ్చినవారి విన్నపం ఈ మధ్య ఒకటే. "అయ్యగారూ, చెరువుల చేప నిలుస్తలేదు. జర ప్రార్థన చెయ్యుండ్రి" అంటారు. ప్రార్థన చేస్తున్నాం. కానీ చేప ఎందుకు నిలవడం లేదో తెలుసుకుంటే ఆ ప్రార్థనలో మన వంతు ఏమిటో కూడా తెలుస్తుంది.

మొదట గలిలయకు వెళ్దాం. 1986 జనవరిలో, వానలు లేక గలిలయ సముద్రంలో నీళ్లు బాగా తగ్గిపోయినప్పుడు, గిన్నోసార్ అనే చోట ఒడ్డు బురదలో ఒక పాత పడవ బయటపడింది. చేపలు పట్టే అన్నదమ్ములిద్దరు దాన్ని చూశారు. పరిశోధకులు పరీక్షించి, అది సుమారు యేసు ప్రభువు కాలం నాటిదని తేల్చారు. పొడవు సుమారు 8 మీటర్లు, వెడల్పు రెండున్నర మీటర్ల లోపే. అది పేతురు పడవ అని ఎవరూ చెప్పలేరు, మనమూ చెప్పకూడదు. అయినా అందులో ఒక సంగతి మన మనసును తాకుతుంది. ఆ పడవలో 12 రకాల చెట్ల కర్ర ఉంది. అంటే ఒక పలక పాడైతే ఇంకో పలక, అది పాడైతే దొరికిన ముక్క, అలా అతుకులు వేసుకుంటూ చాలా ఏళ్లు నడిపించారు. కొత్త పడవ చేయించుకునే స్తోమత లేనివారు ఉన్నదాన్ని కాపాడుకున్నారు.

మన చెరువుల మీద ఈ రోజు చూసేది కూడా అదే. థర్మాకోల్ ముక్కలు గోనెసంచిలో కుట్టి తెప్ప చేసుకుంటారు. లారీ ట్యూబులో గాలి నింపి దాని మీద కూర్చుని వల వేస్తారు. చినిగిన వలను ఇంటి ముందు చెట్టు కింద కూర్చుని అల్లుకుంటారు. జెబెదయి కుమారులు పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నప్పుడే ప్రభువు వారిని పిలిచాడని మార్కు రాశాడు. వల బాగుచేసుకునే చేతిని ప్రభువు తక్కువగా చూడలేదు.

ఇప్పుడు మన చెరువు లెక్క చూద్దాం. పట్నంలో పెరిగిన మన పిల్లలకు ఇది తెలియకపోవచ్చు.

తొలకరి వానలకు చెరువులోకి నీళ్లు వస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో చేప పిల్లలను వదులుతారు. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ, ఇవీ ముఖ్యంగా వదిలే రకాలు. ఎందుకు వదలాలి, చెరువులోనే పుట్టవా అని మీరు అడగవచ్చు. బొచ్చె, రవ్వ, మృగాల పారే నీళ్లలో, వాగుల్లో, నదుల్లో గుడ్లు పెట్టే జాతులు. నిలిచిన చెరువు నీళ్లలో అవి సంతానాన్ని పెంచుకోలేవు. అందుకే ఏటా పిల్లలను తెచ్చి పోయాలి. మన రాష్ట్ర ప్రభుత్వం 2016-17 నుండి మత్స్య సహకార సంఘాలకు చేప పిల్లలను ఉచితంగా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. దానివల్ల చాలా ఊళ్లలో మళ్లీ వల పట్టినవారున్నారు. అందుకు దేవునికి స్తోత్రం.

ఆ పిల్లలు ఏడెనిమిది నెలలు పెరగాలి. చలికాలం దాటి, ఎండలు ముదిరి, చెరువు తగ్గుతూ వచ్చినప్పుడు చేపలు పడతారు. మృగశిర కార్తె నాటికి, అంటే జూన్ 8 ప్రాంతానికి, పట్నమంతా చేప తినాలనుకుంటుంది. నాంపల్లిలో చేప మందు కోసం జనం బారులు తీరుతారు. రాంనగర్ మార్కెట్‌లో నిలబడడానికి చోటుండదు. చెరువు మీది కుటుంబానికి అప్పు తీరేది, పిల్లల ఫీజు కట్టేది, ఇంటి కప్పు మీద రేకు మార్చేది ఆ నాలుగు నెలల్లోనే. మిగతా ఏడాదంతా ఎదురుచూపు. రైతుకు పంట ఎట్లానో వీరికి చెరువు అట్లా. తేడా ఒకటుంది. రైతు తన పొలంలో ఏం జరుగుతుందో కంటితో చూస్తాడు. చేప నీటి కింద ఉంటుంది. చెడిపోయేదాకా తెలియదు.

ఈ లెక్క ఇప్పుడు మూడు వైపుల నుండి తప్పుతోంది.

మొదటిది వాన. 2015లో వానలు మొహం చాటేశాయి. ఆ తర్వాతి ఎండాకాలానికి మంజీర మీది సింగూరు జలాశయమే అడుగంటింది, ఇక చిన్న కుంటల సంగతి చెప్పేదేముంది. నీళ్లు లేక చేప లేదు. 2020 అక్టోబరులో అందుకు పూర్తిగా వ్యతిరేకం. మన జిల్లాలోని ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంత వాన ఒక్కసారి వస్తే చెరువులు మత్తడి దుంకుతాయి. మత్తడికి అడ్డంగా వల కట్టినా ఆ ఉధృతికి ఆగదు. ఆగస్టులో పోసిన పిల్లలు నీళ్లతోపాటు కిందికి కొట్టుకుపోతాయి. మత్తడి దగ్గర పండగలా చేపలు పట్టుకునే జనాన్ని మీరు ఫోన్లలో చూసి ఉంటారు. ఆ చేపలు ఎవరివో ఒకసారి ఆలోచించండి. ఒక కుటుంబం ఏడాది తిండి అట్లా రోడ్డు మీద పారుతుంది.

రెండవది వేడి. ఇది కంటికి కనబడదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. చేప కూడా ఊపిరి తీసుకుంటుంది. నీళ్లలో కరిగిన ప్రాణవాయువే దానికి ఊపిరి. నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఒక లీటరులో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పడుతుంది. 30 డిగ్రీలకు వస్తే సుమారు 7.5 మాత్రమే పడుతుంది. ఎండ పెరిగిన కొద్దీ నీటికి ఊపిరిని పట్టుకునే శక్తి తగ్గుతుంది. అదే సమయంలో వేడికి చేపకు ఊపిరి ఎక్కువ కావాలి. బొచ్చె, రవ్వ లాంటివి హాయిగా ఉండాలంటే లీటరుకు 5 మిల్లీగ్రాములైనా ఉండాలి. అంటే ఎండాకాలంలో చెరువు దగ్గర మిగిలేది చాలా కొంచెం.

మూడవది మురుగు. ఆ కొంచెం మిగిలినదాన్ని తినేసేది ఇదే. ఇళ్ల నుండి, హాస్టళ్ల నుండి, ఫంక్షన్ హాళ్ల నుండి వచ్చే మురుగు నాలాలో పడి చెరువుకు చేరుతుంది. సబ్బు నీళ్లలో, మలమూత్రాల్లో ఉన్న లవణాలు చెరువులో ఎరువులా పనిచేస్తాయి. నీళ్లు పచ్చగా మారతాయి. గుర్రపు డెక్క అల్లుకుంటుంది. పగలు ఎండలో ఆ నాచు ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి అదే నాచు, అడుగున కుళ్లే మురుగు కలిసి ఉన్న ప్రాణవాయువును లాగేసుకుంటాయి. తెల్లవారుజామున నాలుగైదు గంటల వేళ నీటిలో ఊపిరి అన్నింటికంటే తక్కువగా ఉంటుంది. అప్పుడే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. సూర్యోదయానికి వెళ్లి చూస్తే తెల్లగా తేలి ఉంటాయి. రాత్రికి రాత్రి ఎవరో విషం కలిపారని ఊళ్లో గొడవలు కూడా అవుతాయి. కొన్నిసార్లు అది నిజం కావచ్చు. చాలాసార్లు ఆ విషం నెలల తరబడి మన మోరీల్లో నుండి మెల్లగా వచ్చినదే.

ఇళ్ల మురుగుకు తోడు కొన్ని చోట్ల ఫ్యాక్టరీల వ్యర్థాలు. 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు పెద్ద ఎత్తున చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ చెరువు బొల్లారం పారిశ్రామికవాడకు దగ్గర. మన కంటోన్మెంట్ పక్కన ఉన్న బొల్లారం వేరు, అది వేరు. వానతోపాటు రసాయనాలు వచ్చి చెరువులో కలిశాయని మత్స్యకారులు మొరపెట్టుకున్నారు. ఆ చెరువు సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మన జిల్లాలోనే ఏదులాబాద్ చెరువు చూడండి. మూసీ నుండి కాలువ ద్వారా నగరం మురుగు ఆ చెరువుకు చేరుతుంది. ఆ ఊరివారు చేసిన తప్పేమీ లేదు. వారు దిగువన ఉన్నారు, అంతే.

ఈ సంగతి చదువుతుంటే మాకు నిర్గమకాండము 7వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. ఐగుప్తు మీదికి వచ్చిన మొదటి తెగులులో ఏటి నీళ్లు చెడిపోయాయి. చేపలు చచ్చాయి, ఏరు కంపు కొట్టింది, జనం త్రాగడానికి నీళ్ల కోసం ఏటి పక్కన గుంటలు తవ్వుకున్నారు. ఈ వరుస గమనించండి. చేప ముందు పోయింది. దాహం తర్వాత వచ్చింది. ఫరో మాత్రం తన ఇంటికి తిరిగి వెళ్లిపోయి, ఆ సంగతిని మనసుకు తీసుకోలేదని అక్కడే రాసి ఉంది. చేప చావడం అందరికంటే ముందు వచ్చే వర్తమానం. దాన్ని వినేవారు ధన్యులు.

చేపలు పట్టేవారి వైపు బాధ్యత లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. వారితోనే కూర్చుని ఈ మాట మాట్లాడుకున్నాం కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో పక్షి గూడు కనబడి, తల్లి తన పిల్లల మీద గాని గుడ్ల మీద గాని కూర్చుని ఉంటే, పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలి. అలా చేస్తే మేలు కలుగుతుందని, దీర్ఘాయుష్షు కలుగుతుందని దేవుడు చెప్పాడు. తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞకు జోడించిన వాగ్దానమే దీనికీ జోడించాడు. పక్షి గూడు దేవుని దృష్టిలో అంత పెద్ద విషయం.

మన చెరువుల్లో దీనికి సరిపోయేది కొర్రమట్ట. తెలంగాణ రాష్ట్ర చేప అదే. బొచ్చె, రవ్వల్లా దాన్ని తెచ్చి పోయనక్కర లేదు, మన చెరువుల్లోనే, కుంటల్లోనే పుట్టి పెరుగుతుంది. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి మిగతా చేపలు తట్టుకోలేని నీళ్లలో కూడా బ్రతుకుతుంది. వానాకాలంలో దాని పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి మీద కదులుతూ ఉంటాయి. తల్లీ తండ్రీ వాటి కిందనే తిరుగుతూ కాపలా కాస్తాయి. ఆ ఎర్రటి గుంపు కనబడిందంటే కింద పెద్ద చేప ఉందని అందరికీ తెలుసు. అప్పుడు బల్లెం విసిరితే ఒక్క చేప దొరుకుతుంది. ఆ పూటకు మంచి ధర పలుకుతుంది. కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు, కొంగలు తినేస్తాయి. వచ్చే ఏటి వందల చేపలు ఆ ఒక్క పూటతో పోయినట్టే. తల్లిని విడిచిపెట్టమన్న దేవుని మాటను మన చెరువుగట్టు మీద చదివితే అర్థం ఇదే.

వల కన్ను సంగతి కూడా అంతే. కన్ను చిన్నదైతే వేలెడంత పిల్ల కూడా పడుతుంది. పావుకిలో చేపను ఈ రోజు అమ్ముకుంటే కిలో చేప రేపు ఉండదు. కొన్ని చోట్ల కరెంటు తీగ పెట్టి, మందు కలిపి చేపలు పడతారు. అది ఆ చెరువులోని సమస్త జీవాన్ని చంపడమే, పైగా పట్టేవారి ప్రాణానికీ ముప్పు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను దేశంలో పెంచకూడదని 2000లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయినా నగర శివార్లలో గుంతలు తవ్వి, కోళ్ల వ్యర్థాలు వేసి దాన్ని పెంచేవారున్నారు. వరద వస్తే అది చెరువుల్లోకి చేరి మన పరకలను, జెల్లలను, చేప పిల్లలను తినేస్తుంది. ఇలాంటివి ఆపే శక్తి సహకార సంఘానికే ఉంది, సంఘం ఒక్క మాట మీద ఉంటే.

లూకా 5వ అధ్యాయంలో వలలు పిగిలిపోయేంత చేపలు పడినప్పుడు సీమోను ఏం చేశాడు? వేరే పడవలో ఉన్న తన పాలివారికి సైగ చేశాడు. వారు వచ్చి సాయం పట్టారు. రెండు పడవలూ నిండాయి. అద్భుతం జరిగిన రోజున కూడా ఒక్కడే అంతా ఇంటికి తీసుకుపోలేదు. పేతురుకూ ఒక సహకార సంఘం ఉందన్నమాట. చెరువు కౌలు ఎవరో ఒక్క కాంట్రాక్టరు చేతిలో పడి, సభ్యులు వారి చెరువులోనే కూలీలైన ఊళ్లను మనం ఎరుగుదుం. అక్కడ చేప ఉన్నా ఇంటికి రాదు. కలిసి వల లాగేచోట దేవుని ఆశీర్వాదం పంచుకోబడుతుంది.

అయితే ప్రియులారా, ఇంత చెప్పాక అసలు మాట చెప్పాలి. ఒక మత్స్యకారుడు ఇవన్నీ చక్కగా చేశాడనుకోండి. తల్లి చేపను విడిచిపెట్టాడు. పెద్ద కన్ను వల వాడాడు. సంఘంతో కలిసి నడిచాడు. ఎనిమిది నెలలు ఓర్చుకున్నాడు. అప్పుడు పైన ఎక్కడో ఒక సెప్టిక్ ట్యాంకరు రాత్రిపూట వచ్చి నాలాలో పైపు పెట్టి ఖాళీ చేసి వెళ్లిపోతుంది. అతని ఏడాది ఆ తెల్లవారుజాముతో అయిపోతుంది. అతడు ఎంత నీతిగా బ్రతికినా అతని చేప ప్రాణం అతని చేతిలో లేదు. ఎగువన ఉన్నవారి చేతిలో ఉంది. మన చేతిలో ఉంది.

వారపు అంగడిలో చేపలు అమ్మే ఒక అక్కను ఈ మధ్య పలకరించాం. "అక్కా, బేరం ఎట్లుంది?" అని అడిగితే ఆమె అన్నది: "ఏం చెప్పాలె అయ్యగారూ. ఏ చెరువు చేప అని అడుగుతున్నరు. పేరు చెప్పంగనే మొఖం తిప్పుకొని ఐసు చేపల దిక్కు పోతున్నరు. మోరి నీళ్లు మేం పోసినమా? వాళ్ల కాలనీలకెల్లి వచ్చినయే." ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువగా వినబడింది. ఆ చేపలు ఆమె భర్త తెల్లవారకముందే నీళ్లలో దిగి తెచ్చినవి. మురికి పంపినవారే మురికి చేప వద్దని వెళ్లిపోతుంటే ఆమె ఎవరికి చెప్పుకోవాలి?

ధర్మశాస్త్రోపదేశకుడు ఒకడు ప్రభువును అడిగాడు, తన పొరుగువాడు ఎవడని. ప్రభువు మంచి సమరయుని కథ చెప్పాడు. ఆ కథలో దారి యెరూషలేము నుండి యెరికోకు దిగిపోతుంది. మన చెరువుల దారి కూడా దిగుడు దారే. మన పెద్దలు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు, అక్కడి నుండి ఇంకో చెరువుకు నీళ్లు పోయేటట్టు కట్టారు. ఆ కట్టడంలోనే ఒక ధర్మం ఉంది: నాకు చాలినంత ఉంచుకుని మిగతాది నీకు పంపుతాను, మంచిగా పంపుతాను. ఇప్పుడు ఆ గొలుసు అట్లాగే ఉంది గానీ దానిలో పారేది మారిపోయింది. కాబట్టి పొరుగువాడు ఎవడు అనే ప్రశ్నకు మన ప్రాంతంలో ఒక జవాబు: మన ఇంటి నీళ్లు చివరికి ఎవరి చెరువుకు చేరుతాయో అతడు. మనం అతని ముఖం చూడకపోవచ్చు. మన నీళ్లు అతన్ని రోజూ కలుస్తాయి.

మరి ఏం చేద్దాం? సంఘంగా మనం చేయగలిగినవి కొన్ని చెబుతాం.

మొదట, మీ ఇంటి మురుగు ఎక్కడికి పోతుందో ఈ వారంలో కనుక్కోండి. వీధి మోరీ ఏ నాలాలో కలుస్తుంది, ఆ నాలా ఏ చెరువుకు పోతుంది? ఇది పిల్లలతో కలిసి నడిచి చూడదగ్గ పని. సండే స్కూల్ టీచర్లు ఒక ఆదివారం దీనికి ఇవ్వవచ్చు.

రెండవది, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించేటప్పుడు తక్కువ ధర చూడకండి. ఎక్కడ పోస్తావు తమ్ముడూ అని అడగండి. శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లేవాడికే పని ఇవ్వండి. కాస్త ఎక్కువ ఇచ్చినా అది దిగువన ఉన్న ఒక ఇంటికి మీరిచ్చిన కానుక అనుకోండి.

మూడవది, మన ప్రేమవిందుల తర్వాత, క్రిస్మస్ సందడి తర్వాత ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు ఎటు పోతున్నాయో యువజనులు బాధ్యత తీసుకోండి. విస్తరాకులు మనకు కొత్త కాదు. రాజీవ్ రహదారి మీద హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట పెద్ద చెరువుకు ఆదివారం సాయంత్రాలు వెళ్లేవారు మన సంఘంలో ఉన్నారు. తీసుకెళ్లినది తిరిగి తెచ్చుకోండి. ఆ కట్ట మనకు షికారు, ఇంకొకరికి పొలం గట్టు.

నాలుగవది, చేపలు కొనేటప్పుడు చెరువు మీది అక్క దగ్గర కొనండి. కిలో దగ్గర పది రూపాయలకు గట్టిగా బేరమాడకండి. వేలెడంత పిల్లచేపలు అమ్మితే మాత్రం ప్రేమగా వద్దని చెప్పండి. కొనేవారు లేకపోతే పట్టేవారు ఆగుతారు.

ఐదవది, సహకార సంఘంలో సభ్యులైన మన సహోదరులు, సహోదరీలు ప్రమాద బీమాలో పేరు ఉందో లేదో చూసుకోండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద, ప్రమాదంలో మరణించిన మత్స్యకారుని కుటుంబానికి 5 లక్షల రూపాయల బీమా ఉంది. కాగితాలు రాయడం రానివారికి మన యువజనులు సాయపడండి. చెరువులో వ్యర్థాలు కలుస్తుంటే ఫోటో తీసి, తేదీ రాసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి మత్స్య సంఘంవారితో కలిసి వెళ్లండి. వారు ఒంటరిగా వెళ్తే ఒక మాట, పైన ఉన్న కాలనీలవారు వెంట వెళ్తే ఇంకో మాట. మాకు వీలైనప్పుడు మేమూ వస్తాం.

ఇవి చిన్న పనులే. వీటివల్ల వానలు సకాలానికి రావు, ఎండలు తగ్గవు. ఆ భారం పెద్దది, ప్రపంచమంతటిది. అయితే ఊపిరి తక్కువైన చెరువుకు మురుగు ఆగితే ఆ కొద్ది ఊపిరి చేపకే మిగులుతుంది. వేడిని ఆపలేని చోట మురుగును ఆపడం మన చేతిలో ఉన్న కనికరం.

చివరిగా యెహెజ్కేలు 47వ అధ్యాయం తెరవండి. మందిరపు గడప కింద నుండి నీళ్లు బయలుదేరుతాయి. మొదట చీలమండ లోతు, తర్వాత మోకాలు, తర్వాత మొల, తర్వాత ఈదవలసినంత నది. ఆ నీళ్లు ఉప్పు సముద్రానికి చేరితే ఆ సముద్రం బాగుపడుతుంది. ఏన్గెదీ నుండి ఏనెగ్లాయీము వరకు ఒడ్డున చేపలు పట్టేవారు నిలబడి వలలు ఆరేసుకుంటారు. దేవుడు సమస్తాన్ని బాగుచేసే దినాన్ని ప్రవక్తకు చూపించినప్పుడు, ఆ చిత్రంలో వలలు ఆరేసుకునే పేదవారికి చోటిచ్చాడు. వారి చేతికి పని ఉంది. వారి నీళ్లలో నానావిధమైన చేపలున్నాయి.

ఇంకొకటి గమనించండి. ఆ నీళ్లు మందిరం నుండి బయటికి పారాయి. లోపల స్తోత్రం, బయట జీవజలం. మన మందిరంలో నుండి, మన ఇళ్లలో నుండి బయటికి పారేది దిగువన ఉన్న చేపకు ప్రాణమవుతుందా, ఉరి అవుతుందా? ఈ ప్రశ్నను ఈ వారమంతా మీ ప్రార్థనలో పెట్టుకోండి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, సముద్రపు చేపలను, చెరువు చేపలను కలుగజేసినవాడవు నీవే. తెల్లవారకముందే నీళ్లలో దిగే మా సహోదరులను కాపాడుము. గంప నెత్తిన పెట్టుకుని ఎండలో తిరిగే మా అక్కలకు సరియైన ధర దయచేయుము. రాత్రంతా కష్టపడి ఖాళీ వలతో వచ్చిన ఇంటికి నీవే అతిథివై వెళ్లుము. ఎగువన నివసించే మాకు, దిగువన ఉన్న పొరుగువానిని జ్ఞాపకం చేసుకునే మనసు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక.